ఏ నెలలో ముంచిన నీళ్ళు?

కిందటి సంవత్సరం చివరలో బాపట్ల వైపు ఒక తీర గ్రామంలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకు నేను వెళ్ళాను. ఒక కర్మాగారం తన వ్యర్థ జలాలను శుద్ధి చేసి గొట్టం ద్వారా సముద్రంలోకి వదలడానికి అనుమతి కోరుతోంది. పర్యావరణ ప్రభావ నివేదిక తయారుచేసిన కన్సల్టెంటు తెర మీద పట్టికలు చూపిస్తూ, తీరం దగ్గర నీటిలో కరిగిన ఆక్సిజన్ తగినంత ఉందనీ, నీటిలోని మురుగు కుళ్ళేటప్పుడు లాగేసుకునే ఆక్సిజన్ కొలత అయిన బీఓడీ తక్కువనీ, కాబట్టి ఈ సముద్రానికి ఇంకా కొంత భరించే శక్తి ఉందనీ చెప్పాడు. షామియానా కింద చివరి వరసలో చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ లేచి ఒకే ప్రశ్న వేసింది.

"ఈ నీళ్ళు ఏ నెల్లో ముంచారు బాబూ?"

ఆయన కాగితాలు తిరగేసి, మార్చి నుంచి మే దాకా అన్నాడు.

"అప్పుడు మొగ పూడిపోయుంటది గదా. డ్రైను నీళ్ళు సముద్రంలో దిగనే దిగవు. ఇంక నీళ్ళు మంచిగా లేకేం చేస్తాయి?" అందావిడ.

నిబంధనల ప్రకారమే శాంపిళ్ళు తీశామని ఆయన జవాబిచ్చాడు. ఆ జవాబులో అబద్ధమేమీ లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద చాలా ప్రాజెక్టులు వానాకాలం కాని ఒక ఋతువులో సేకరించిన ప్రాథమిక వివరాలతోనే నివేదిక సమర్పించవచ్చు. నన్ను కలవరపెట్టింది కూడా అదే. ఎవరూ తప్పు చేయలేదు, అంకెలు కల్పించలేదు, పరికరాలు సరిగ్గానే పనిచేశాయి; అయినా ఆ నివేదిక చెప్పిన సముద్రం ఆ ఊరి సముద్రం కాదు.

విజయవాడలో ఒక కళాశాలలో ముప్ఫై ఏళ్ళకు పైగా రసాయన శాస్త్రం బోధించిన నాకు ఆ ప్రశ్న ముందుగా తట్టలేదు. ఇంటికి వచ్చాక కొన్ని వారాలపాటు దాని చుట్టూ చదివినప్పుడు ఒక అభిప్రాయం గట్టిపడింది. వ్యర్థాల విడుదలకు హద్దు నిర్ణయించమని అడిగినప్పుడు శాస్త్రజ్ఞుడు ఇచ్చే సలహాలో రెండు భాగాలుంటాయి: ఒక అంకె, ఆ అంకె నిలబడడానికి కావలసిన షరతు. మన నియంత్రణ వ్యవస్థ అంకెను భద్రంగా దాచుకుని షరతును దారిలోనే జారవిడుస్తోంది. షరతు లేని అంకెను శాస్త్రీయ సలహా అనడం నాకు సమ్మతం కాదు.

మొగ పూడిన సముద్రం

కృష్ణా డెల్టాలో మురుగు డ్రైన్లు సముద్రంలో కలిసే మొగలు వేసవిలో ఇసుక మేటలతో పూడిపోతాయన్నది ఆ తీరంలో పుట్టిన వారికి కొత్త సంగతి కాదు. పై నుంచి నీరు తగ్గుతుంది, అలలు ఇసుకను తెచ్చి పోస్తాయి, డ్రైను వెనక్కి తన్ని నిలిచిపోతుంది. తొలకరి వరదకు మేట తెగినప్పుడు నెలల తరబడి నిలవున్న నీరు, అందులోని చెరువుల మడ్డి, పొలాల ఎరువులు, ఊళ్ళ మురుగు అన్నీ ఒక్కసారిగా తీరపు లోతులేని నీటిలోకి దిగుతాయి. ఏప్రిల్‌లో పడవ వేసుకుని వెళ్ళి నీళ్ళు ముంచిన మనిషికి ఇది కనబడే అవకాశమే లేదు.

ఇంకా లోతుగా చూస్తే బంగాళాఖాతమే నెలనెలకు వేరు. తీరం వెంట సాగే ప్రవాహం ఫిబ్రవరి నుంచి వేసవి దాకా ఉత్తరానికి నడిస్తే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి తిరుగుతుంది. వానాకాలం చివర గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉపరితలం మీద తేలికైన పొరగా పరుచుకుని, కిందనున్న ఉప్పునీటితో త్వరగా కలవకుండా నిలుస్తుంది. గొట్టం చివర అమర్చే డిఫ్యూజరు వ్యర్థాన్ని సన్నని ధారలుగా చిమ్మి చుట్టూ ఉన్న నీటితో కలుపుతుందన్న లెక్క, ఆ నీరు పైనుంచి కింద దాకా ఒకే రకంగా ఉన్నప్పుడు ఒక తీరుగా, పొరలు కట్టినప్పుడు మరో తీరుగా వస్తుంది. పొరలు కట్టిన నెలల్లో వ్యర్థపు ధార పైకి రాకుండా మధ్యలోనే చిక్కుకుని, పలుచబడవలసినంత పలుచబడకపోవచ్చు. ఏప్రిల్‌లో ఉత్తరపు ఊరి వైపు పోయేది నవంబరులో దక్షిణపు ఊరికి పోతుంది. ప్రజాభిప్రాయ సేకరణకు మాత్రం గొట్టం పక్కనున్న ఊరినే పిలుస్తారు.

దీని ఫలితం సామాన్యమైనది కాదు. ఇప్పటికే డ్రైన్ల ద్వారా చేరుతున్న భారం శాంపిలులో పడలేదు కనుక సముద్రం ఖాళీగా ఉన్నట్టు తేలుతుంది. ఖాళీగా ఉందని కొత్తవారికి చోటిస్తారు. ఆ పక్కనే మరొకరు దరఖాస్తు చేసినప్పుడు మళ్ళీ అదే వేసవి, అదే పూడిన మొగ, అదే ఖాళీ.

1912లో రాసిన షరతు

బీఓడీ అనే కొలతకే ఒక చరిత్ర ఉంది. ఇంగ్లండులో 1898 నుంచి 1915 దాకా పనిచేసిన మురుగు పారుదల రాయల్ కమిషన్ తన ఎనిమిదో నివేదికలో, 1912లో, శుద్ధి చేసిన మురుగుకు లీటరుకు 20 మిల్లీగ్రాముల బీఓడీ, 30 మిల్లీగ్రాముల తేలియాడే మడ్డి అన్న హద్దు సూచించింది. ఈ రెండు అంకెలూ ప్రపంచమంతా తిరిగాయి. వాటితోపాటు కమిషన్ రాసిన మాట మాత్రం అంత దూరం ప్రయాణించలేదు. కలిసే నదిలో ఆ మురుగుకు కనీసం ఎనిమిది రెట్ల శుభ్రమైన నీరుంటేనే ఈ హద్దు సరిపోతుందనీ, లేకపోతే ఇంకా కఠినమైన హద్దు కావాలనీ కమిషన్ స్పష్టంగా చెప్పింది. బీఓడీ కొలిచే ఐదు రోజుల పరీక్ష కూడా అక్కడి నదులు ఐదు రోజుల్లోపే సముద్రం చేరతాయన్న లెక్క మీద వచ్చిందంటారు. మన దేశపు వేడికి తగ్గట్టు దాన్ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజుల పరీక్షగా మార్చుకున్నాం. పరీక్షను మన వాతావరణానికి తెచ్చుకున్న శ్రద్ధ ఎనిమిది రెట్ల షరతు విషయంలో కనబడదు.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాలకు 1993లో చేర్చిన సాధారణ ప్రమాణాల పట్టికలో నాలుగు గడులున్నాయి: నదులు చెరువులు, ఊరి మురుగు కాలువలు, సాగు భూమి, తీర సముద్రం. నదిలోకి వదిలే నీటికి బీఓడీ హద్దు 30 మిల్లీగ్రాములైతే, సముద్రంలోకి వదిలే నీటికి 100. నూనె, జిడ్డు నదికి 10, సముద్రానికి 20. జింకు నదికి 5, సముద్రానికి 15. ఈ తేడాకు ఆధారమేమిటని అడిగితే వచ్చే జవాబు ఒకటే: సముద్రం పెద్దది, పలుచన ఎక్కువ. లోతైన నీటిలో, బలమైన ప్రవాహంలో, మంచి డిఫ్యూజరుతో అది నిజమే. మోకాలి లోతు నీటిలో, పూడిన మొగ దగ్గర అది నిజం కాదు. పట్టిక మాత్రం ఈ రెంటికీ ఒకే గడి కేటాయించింది.

ఆక్సిజన్ సంగతి మరీ ముఖ్యం. 20 డిగ్రీల మంచినీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగించుకోగలిగితే, మన తీరంలో 30 డిగ్రీల ఉప్పునీరు 6 చిల్లర మిల్లీగ్రాములకు మించి పట్టుకోలేదు. స్నానాలకూ చేపల వేటకూ పనికివచ్చే తీరపు నీటికి మన ప్రమాణమే 4 ఉండాలంటోంది. నిండుకుండకూ ప్రమాదపు గీతకూ మధ్య ఉన్నది రెండు మిల్లీగ్రాముల చిల్లర మాత్రమే. ఆ కాస్త చోటులోకే మూడు రెట్లు ఎక్కువ మురుగును అనుమతిస్తున్నాం.

పైగా ఇవన్నీ గాఢత హద్దులు. రోజుకు కోటి లీటర్లు వదిలే గొట్టం లీటరుకు 100 మిల్లీగ్రాముల హద్దులో ఉన్నా, రోజుకు 1,000 కిలోల బీఓడీ సముద్రంలో చేరుతుంది. అంతే మంచినీరు కలిపితే గాఢత సగమవుతుంది, 1,000 కిలోలు 1,000 కిలోలుగానే ఉంటాయి. చేప బతికేదీ చచ్చేదీ సముద్రంలో చేరిన మొత్తాన్ని బట్టి. అనుమతి పత్రాల్లో నీటి పరిమాణమూ రాస్తారు, కాదనను. కానీ ఒక తీరపు ముక్కలోకి అన్ని గొట్టాలూ, అన్ని డ్రైన్లూ కలిసి ఎన్ని కిలోలు దించవచ్చో నిర్ణయించి, ఆ మొత్తాన్ని పంచే పద్ధతి మన తీరంలో నాకు కనబడలేదు.

సీసాలో తెల్ల మడ్డి

నేను ఉద్యోగంలో ఉండగా డిగ్రీ విద్యార్థులతో కరిగిన ఆక్సిజన్ పరీక్ష చేయించేవాణ్ణి. శాంపిలు సీసాలో మాంగనీసు సల్ఫేటు, ఆ పైన క్షారపు అయోడైడు వేయగానే ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు మడ్డి దిగుతుంది. ఒక ఏప్రిల్‌లో, కాలువలు కట్టేసిన రోజుల్లో, ఊరి మధ్య కాలువ నుంచి నీళ్ళు తెప్పించాను. సీసాలో తెల్ల మడ్డి దిగింది. ఒక అమ్మాయి తాను మందులు తప్పుగా వేశానేమోనని కంగారుపడి మళ్ళీ చేసింది, మళ్ళీ తెలుపే. మందుల్లో తప్పు లేదమ్మా, నీటిలోనే ఆక్సిజన్ లేదని చెప్పాను. ఆగస్టులో అదే చోటి నుంచి తెచ్చిన నీటిలో చక్కని గోధుమ రంగు వచ్చింది. రెండు సీసాలూ చాలా రోజులు నా బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి.

ఏ నెలలో ముంచామన్నదే జవాబును నిర్ణయిస్తుందని కాలువ విషయంలో నాకు అంత బాగా తెలుసు. అయినా సముద్రపు పట్టిక తెర మీద పడినప్పుడు ఆ సంగతి గుర్తు రాలేదు. సముద్రం పెద్దదన్న భావం చదువుకున్న మనసులో కూడా ఎంత లోతుగా నాటుకుపోయిందో ఆనాడు అర్థమైంది. ఇక్కడ కాలువలో నీరు లేనప్పుడు మురుగు బయటపడుతుంది, అక్కడ మొగ పూడినప్పుడు మురుగు దాక్కుంటుంది. ఒకే వేసవి రెండు చోట్లా వ్యతిరేక ఫలితాలిస్తుంది. అందువల్లే ఏదో ఒక ఋతువు చాలన్న నియమాన్ని నేను ఒప్పుకోలేను.

ఎవరు తింటారు?

షరతును వదలకుండా హద్దు నిర్ణయించిన ఉదాహరణ ఒకటి చెప్పాలి. బ్రిటన్‌లో విండ్‌స్కేల్ అణు కర్మాగారం 1950ల ఆరంభం నుంచి రేడియోధార్మిక జలాలను గొట్టం ద్వారా ఐరిష్ సముద్రంలోకి వదిలింది. అంత వదలడం సబబా అన్నది వేరే వాదన, ఆ విషయంలో నాకు చాలా అభ్యంతరాలున్నాయి. కానీ హద్దు లెక్కగట్టిన తీరు గమనించదగ్గది. ఆ తీరంలో పెరిగే పోర్ఫైరా అనే నాచును ఏరి దక్షిణ వేల్స్‌కు పంపేవారు. అక్కడ దానితో లేవర్‌బ్రెడ్ అనే వంటకం చేసుకుని తినేవారు. రుథీనియం-106 అనే రేడియోధార్మిక పదార్థం ఆ నాచులో పోగవుతుందని గుర్తించిన శాస్త్రజ్ఞులు, దాన్ని అందరికంటే ఎక్కువగా తినే కొద్దిమందికి హాని కలగకూడదన్న షరతు నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చి, గొట్టం దగ్గర ఎంత వదలవచ్చో చెప్పారు. తర్వాత అక్కడి నాచు వ్యాపారం ఆగిపోయినప్పుడు చేపలూ గుల్లలూ తినేవారి వైపు లెక్క మళ్ళించవలసి వచ్చింది. కంచం నుంచి గొట్టానికి నడిచిన లెక్క అది.

మనం గొట్టం దగ్గర మొదలుపెట్టి గొట్టం దగ్గరే ఆగుతున్నాం. ఆ ఊళ్ళో చందువలూ పెద్ద రొయ్యలూ లారీలెక్కి బయటికి పోతాయి. ఊళ్ళో వండుకునేది జెల్లలు, పీతలు, చిన్న చేపలు, మొగ దగ్గర ఆడవాళ్ళు చేతులతో ఏరుకునే గుల్లలు. అంటే మురుగుకు అందరికంటే దగ్గరగా, బురదలో బతికే జీవాలనే అక్కడివాళ్ళు తింటున్నారు. అంత లావు నివేదికలో ఎవరు ఏమి తింటారన్న పట్టిక ఒక్కటీ లేదు. మన తీర జలాల వర్గీకరణలో గుల్లలు పెరిగే నీటికి మొదటి తరగతి ఇచ్చి, అక్కడ ఆక్సిజన్ 5 ఉండాలన్నారు. నివేదిక ఆ నీటిని 4 చాలనే రెండో తరగతితో పోల్చింది. గుల్లలు ఏరుకునే ఆడవాళ్ళను ఎవరూ అడగలేదు కనుక, వాళ్ళ కంచం ఆ వర్గీకరణలో లెక్కకు రాలేదు.

ఎంత పలుచన చేసినా పనికిరాని పదార్థాలూ ఉన్నాయి. జపానులో మినమటా అఖాతంలోకి పాదరసం వదిలిన కర్మాగారం, ఆ చేపలు తిన్నవారిలో 1956లో నరాల వ్యాధి బయటపడిన తర్వాత, 1958లో తన కాలువను అఖాతం నుంచి నది మొగ వైపు మళ్ళించింది. అక్కడ పలుచన ఎక్కువన్న ఆశ నెరవేరలేదు, వ్యాధి షిరనుయి సముద్రపు ఒడ్డున ఉన్న మరిన్ని ఊళ్ళకు పాకింది. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయం సేంద్రియ పాదరసాన్ని వేలెత్తి చూపింది. ఆ ఏడాది చివరే ఆర్భాటంగా ఒక శుద్ధి యంత్రం పెట్టారు, అది సేంద్రియ పాదరసాన్ని తొలగించడానికి ఉద్దేశించింది కాదు. జపాను ప్రభుత్వం కారణాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1968లో. ఆ మధ్య తొమ్మిదేళ్ళూ "ఇంకా నిరూపణ కాలేదు" అన్న వాక్యం మీద నడిచాయి.

గొట్టం వద్దంటే ఎక్కడికి పోతుంది?

ఇంతదాకా చదివినవారు నేను గొట్టాలన్నిటినీ మూసెయ్యమంటున్నానని అనుకోవచ్చు. అంత తేలికగా ఆ మాట అనలేకపోతున్నాను. పటాన్‌చెరు పారిశ్రామిక వాడ వ్యర్థాలు నక్కవాగునూ దాని వెంట ఊళ్ళనూ పాడుచేసిన తర్వాత, శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల గొట్టంలో అంబర్‌పేటకు తరలించారు. అక్కడి నుంచి మూసీ, మూసీ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణ. ఒక వాగు ఊపిరి పీల్చుకోవాలంటే మరో నది మోయవలసి వచ్చింది. ఆ నది కింద మా ఊరుంది. సముద్రం వద్దంటే వ్యర్థం మాయం కాదు, పాడుబడ్డ బోరుబావిలోకో రాత్రిపూట ట్యాంకరులోకో పోతుంది. బయటికి చుక్క వదలకుండా ఆవిరి చేయమంటే విద్యుత్తు ఖర్చుతోపాటు ఉప్పు గుట్టలు మిగులుతాయి, వాన పడితే అవీ నేలలోకే. దూరంగా, లోతుగా, సరైన డిఫ్యూజరుతో వేసిన గొట్టం, ఊరి డ్రైనులోకి దొంగచాటుగా వదలడం కంటే మేలని చెప్పే సముద్ర శాస్త్రజ్ఞుల మాటను నేను తోసిపుచ్చలేను.

మరొక చిక్కు కూడా ఉంది. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతిసారీ కారణం కర్మాగారమే కానక్కరలేదు. ఆక్సిజన్ తక్కువైన లోతు నీరు పైకి రావడం వల్లా, నాచు ఒక్కసారిగా విరగబెరగడం వల్లా కూడా చేపలు చస్తాయి. ఉప్పాడ తీరంలో మత్స్యకారులు వ్యర్థ జలాల మీద రోడ్డెక్కినప్పుడు వాళ్ళ బాధ నిజమైనది. ఏ రోజు ఏ నీరు ఏ చేపను చంపిందో తేల్చడానికి మాత్రం ఏళ్ళ తరబడి ఆపకుండా తీసిన కొలతలు కావాలి. అవి లేనప్పుడు మత్స్యకారుడు అబద్ధమాడుతున్నాడని కంపెనీ అంటుంది, శాస్త్రజ్ఞుడు అమ్ముడుపోయాడని మత్స్యకారుడు అంటాడు.

మన వంతు సంగతీ చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఊళ్ళోకి వచ్చినప్పుడు దాని పేరు రాష్ట్రమంతా మోగింది. మిగిలిన రోజుల్లో ఆ బుడమేరే మా మురుగును కొల్లేటికి మోస్తుంది, కొల్లేరు ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది. ఆ మధ్యలో రొయ్యల చెరువులూ చేపల చెరువులూ తమ భాగం కలుపుతాయి. శుద్ధి తొట్టి తప్పనిసరి అన్న నిబంధన ఒక హద్దు దాటిన పెద్ద చెరువులకే కనుక చిన్న చెరువులన్నీ కలిసి దించేది ఎవరి పద్దులోనూ చేరదు. తీరం నుంచి డెబ్బై కిలోమీటర్ల దూరంలో కూర్చుని తీర జలాల గురించి రాయడానికి నాకేం అర్హత అని అడిగితే, ఆ నీటిలో నా ఇంటి నీరు కూడా ఉందన్నదే నా జవాబు.

తేలనిది ఎవరు మోయాలి?

ఐక్యరాజ్య సమితి సంస్థలు కలిసి 1969లో ఏర్పాటు చేసిన జెసాంప్ అనే నిపుణుల బృందం ఉంది. అందులో సభ్యులు తమ ప్రభుత్వాల తరఫున కాక వ్యక్తిగత హోదాలో కూర్చుంటారు. పర్యావరణ భరణ శక్తి అన్న భావనను 1980లలో వివరంగా చర్చించినది ఆ బృందమే. అంగీకరించరాని హాని కలగనంతవరకు ఒక నీటి భాగం ఎంత భరించగలదో లెక్కకట్టవచ్చని వారు చెప్పారు. ఆ వాక్యంలో "అంగీకరించరాని" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఎంత వదిలితే ఎంత ఆక్సిజన్ తగ్గుతుందో శాస్త్రం చెబుతుంది. అంత తగ్గడం ఎవరికి అంగీకారమో శాస్త్రం చెప్పలేదు. అది ఆ నీటి మీద బతికేవారిని అడిగి తేల్చుకోవలసింది. మన పద్ధతిలో ఈ రెండు ప్రశ్నలకూ ఒకే కన్సల్టెంటు జవాబిస్తున్నాడు, ఆయనకు రుసుము చెల్లించేది అనుమతి కోరేవారు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఈ అమరిక సరైనది కాదు. శాంపిళ్ళ ఖర్చు దరఖాస్తుదారే పెట్టుకోవచ్చు, కానీ శాంపిళ్ళు తీసేవారిని ఎంపిక చేసే అధికారం అతనికి ఉండకూడదు.

తేలని దాని భారం ఎవరు మోయాలన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. హైదరాబాదు జంట జలాశయాల సమీపంలో ఒక పరిశ్రమ విషయమై మన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వేసిన కేసులో, 1999లో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ఈ చిక్కునే ఎత్తుకుంది. నిపుణులు తలొక మాట చెప్పినప్పుడు, శాస్త్రం ఇంకా తేల్చలేనప్పుడు, హాని ఉండదని నిరూపించే బాధ్యత ఉన్న స్థితిని మార్చదలచినవారిదేనని ఆ తీర్పు చెప్పింది. ఆ మాటను తీరానికి అన్వయిస్తే, వానాకాలపు నీరు ముంచని నివేదికతో వచ్చినవారికి "హాని కనబడలేదు" అనే హక్కు ఉండదు. చూడని నెలల్లో కనబడలేదనడం నిరూపణ ఎలా అవుతుంది?

నెల రోజుల తర్వాత ఆ ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్ చూశాను. పెద్దావిడ ప్రశ్నకు ఒక వాక్యం దక్కింది: నీటి నాణ్యత గురించి అడిగారు, కన్సల్టెంటు వివరించారు. నెల సంగతి అందులో లేదు. అందుకని ఒక ఉత్తరం రాయడానికి కూర్చుని, రాసేముందు ఆ ఊరికి మళ్ళీ వెళ్ళి, ఏయే నెలల్లో నీళ్ళు ముంచితే సరిగ్గా తెలుస్తుందమ్మా అని ఆవిడనే అడిగాను. తొలకరికి మొగ తెగి ఎర్రనీళ్ళు దిగిన వారం లోపు ఒకసారి, కార్తీకంలో నీళ్ళ వాలు మారాక ఒకసారి, మొగ పూడినాక కావాలంటే ఇంకోసారి, అది కూడా సముద్రంలో కాదు, మొగకు ఇవతల డ్రైనులో ముంచమనండి మేష్టారూ అంది. నేను పుస్తకాలు తిరగేసి వేసుకున్న పట్టికలో మొదటి రెండూ ఉన్నాయి. మూడోది లేదు. దాన్ని చేర్చి, ఈ సూచన ఎవరిదో కూడా రాస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"నా పేరెందుకు, ఊరి పేరు రాయండి. ముంచేటప్పుడు ఎవరో ఒకరు పడవెక్కి వస్తాం."

ఉత్తరంలో ఆ వాక్యం కూడా చేర్చి గత వారం పంపాను.